మధుమేహంలో పాదవ్యాయామం - ఫోను తెరపై చూసి చేసే ముందు

గత వేసవిలో గిద్దలూరులోని మా వదినగారి ఇంటికి వెళ్ళాను. ఆమె వసారాలో కుర్చీ మీద కూర్చొని, ఎదుట స్టూలు మీద చెంబుకు ఆనించి ఫోను నిలబెట్టుకొని, అందులోని అమ్మాయి చెప్పినట్లు మడమలు ఎత్తుతూ దించుతూ ఉన్నారు. వదినగారికి 64 ఏళ్ళు. మధుమేహం వచ్చి 17 ఏళ్ళు. నాలుగైదేళ్ళుగా అరికాళ్ళు తిమ్మిరెక్కి, దూది మీద నడిచినట్లు ఉంటున్నాయని చెబుతున్నారు. హైదరాబాదులో ఉద్యోగం చేసే కుమారుడు, ఇటువంటి వారికోసం తయారైన 12 వారాల పాదవ్యాయామ పాఠాలను వెదకి ఫోనులో పెట్టి ఇచ్చాడు. ఆమె నోము పట్టినంత నిష్ఠతో మూడు వారాలుగా ఒక్క పూట తప్పకుండా చేస్తున్నారు.

వ్యాయామం ముగిసి ఆమె లేచి లోపలికి నడుస్తుండగా తెల్లని గచ్చు మీద రూపాయి బిళ్ళంత తడి మరక కనిపించింది. నాలుగు అడుగుల అవతల మరొకటి. కూర్చోబెట్టి ఎడమ పాదం ఎత్తి చూశాను. బొటనవేలి మొదట, అరికాలి దిమ్మ మీద గట్టిపడిన ఆనెకాయ; దాని నడుమ నల్లని చుక్క; నొక్కితే చీము. సర్కారు తుమ్మ ముల్లు చెప్పును చీల్చుకొని కాలిలో దిగి, విరిగి, అక్కడే ఉండిపోయింది. ఎప్పుడు గుచ్చుకొన్నదో ఆమెకు తెలియదు. ఆ ముల్లు మీదనే ఆమె ఎన్ని రోజులుగానో మునివేళ్ళపై లేస్తున్నారు.

"వైద్యం తెలిసిన మరిదివి, నువ్వైనా ముందు చెప్పకపోతివే! ఆ ఫోనులో పిల్ల కూడా పాదం చూసుకోమనలేదు నాయనా," అన్నారామె.

ఆ పాఠాన్ని తరువాత నేను మొదటినుండి చూశాను. పాదం చూసుకోమని మొదటి రోజు పాఠం చివర ఒక వాక్యంలో చెప్పారు. వినేవారికి అది నిలిచేంత గట్టిగా చెప్పలేదు. వ్యాయామం మాత్రం మంచిదే, పద్ధతి ప్రకారమే ఉన్నది. అందుచేత ఈ వ్యాసంలో నేను ఆ పాఠాలను నిందించబోవడం లేదు. వాటివల్ల ఏమి వస్తుందో, ఏమి రాదో, మన పశ్చిమ ప్రకాశం ఎండలో, ముళ్ళలో, బండనేలల్లో వాటిని ఏ జాగ్రత్తతో చేయాలో మనవి చేస్తాను.

పాదంలో జరిగేది

రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి హెచ్చుగా ఉన్నప్పుడు నరాలూ, వాటిని పోషించే సన్నని రక్తనాళాలూ దెబ్బతింటాయి. శరీరంలోకెల్లా పొడవైన నరాలు నడుము నుండి కాలివేళ్ళ దాకా పోయేవి. కాబట్టి దెబ్బ మొట్టమొదట వేళ్ళ కొనలలో కనబడి, మేజోడు తొడిగినట్లు రెండు కాళ్ళలోనూ పైకి ప్రాకుతుంది. కొందరికి మంటలు, సూదులు గుచ్చినట్లు పోట్లు, రాత్రి దుప్పటి తగిలినా ఓర్వలేకపోవడం ఉంటుంది. మరికొందరికి ఏ బాధా ఉండదు. ఈ రెండవ తరగతివారే ఎక్కువ ప్రమాదంలో ఉన్నవారు. మంటలున్నవారు వైద్యుని వద్దకు పరుగెత్తుతారు. ఏమీ తెలియనివారు తమ పాదాలు బాగున్నవనుకొంటారు.

నరాలు దెబ్బతింటే స్పర్శ ఒక్కటే పోదు. పాదంలోని చిన్న కండరాలు ఎండిపోయి వేళ్ళు గోళ్ళలా వంగుతాయి. చెమట పట్టక చర్మం ఎండి మడమలు బీటలు వారుతాయి. హెచ్చిన చక్కెర కీళ్ళ చుట్టూ ఉన్న బంధనాలలో పాకం పట్టినట్లు చేరి వాటిని బిరుసెక్కిస్తుంది. చీలమండ సరిగా వంగదు. వంగని చీలమండతో నడిచినప్పుడు శరీర భారం వేళ్ళ మొదళ్ళ మీద ఎక్కువసేపు, ఎక్కువ ఒత్తిడితో పడుతుంది. అక్కడ ఆనెకాయ కడుతుంది, ఆనెకాయ క్రింద మాంసం నలుగుతుంది, పైకి ఏమీ కనబడకుండానే లోపల పుండు పడుతుంది. మా వదినగారికి ముల్లు దిగిన చోటు సరిగ్గా అదే. పాదవ్యాయామం ఈ వరుసలో ఎక్కడ పనిచేస్తుందో ఇప్పుడు పాఠకులు గ్రహించగలరు. అది చీలమండను వదులు చేస్తుంది, చిన్న కండరాలకు బలం ఇస్తుంది, భారం పాదమంతటా పంచబడేటట్లు చూస్తుంది. చచ్చిన నరాన్ని బ్రతికించే మంత్రం మాత్రం అందులో లేదు.

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి వారి సర్వే ప్రకారం మన దేశంలో మధుమేహులు 10.1 కోట్ల మంది. పదేళ్ళు, పదిహేనేళ్ళు గడిచిన వారిలో ఈ నరాల దెబ్బ అరుదైన విషయం కాదు.

మన గ్రంథాలు చెప్పినది, మనం మరచినది

చరక సంహిత నిదానస్థానం నాలుగవ అధ్యాయంలో ప్రమేహ పూర్వరూపాలు, అనగా వ్యాధి స్థిరపడక ముందే కనిపించే లక్షణాలు, చెప్పబడినవి. వెంట్రుకలు జడలు కట్టడం, నోరు తియ్యగా ఉండడం, దప్పిక, మూత్రానికి చీమలు పట్టడం, వాటితోపాటు అరచేతులలో అరికాళ్ళలో మంట, సుప్తత. సుప్తత అంటే తిమ్మిరి, మొద్దుబారడం. ఇప్పటి వైద్యులు కూడా చక్కెర బాగా పెరగక ముందే కొందరిలో నరాలు దెబ్బతినడం చూస్తున్నారు.

అయితే సుశ్రుతుల వారి చికిత్సాస్థానంలో, ప్రమేహ చికిత్సను చెప్పే పదకొండవ అధ్యాయంలో, మరొక విధి ఉన్నది. ధనం, బంధుబలం లేని ప్రమేహ రోగి పాదరక్షలు లేకుండా, గొడుగు లేకుండా, ముని వలె, ఊరికొక రాత్రి మాత్రమే ఉంటూ నూరు యోజనాలకు తక్కువ కాకుండా నడవాలని అందులో చెప్పారు. ఆవులను కాయడం, బావి త్రవ్వడం వంటి శ్రమలు కూడా చెప్పారు. శ్రమయే ఔషధమన్న ఈ భావం గొప్పది. కాని దీనిని పట్టుకొని ఉదయం పూట వట్టి కాళ్ళతో గడ్డిలో, గులకరాళ్ళ మీద నడవమని మధుమేహులందరికీ చెప్పే అలవాటు మన వైద్యులలో ఉన్నది. నేనూ చాలాకాలం అట్లాగే చెప్పాను. ఆ విధి స్పర్శ తెలిసే పాదాలకు. సుప్తత కలిగిన పాదాలకు దానిని వర్తింపజేయడం నా దృష్టిలో శాస్త్రాన్ని తలక్రిందులుగా చదవడమే. చరకుల వారే సూత్రస్థానం ఐదవ అధ్యాయంలో పాదరక్షలు ధరించడం కంటికి, స్పర్శకు హితమనీ, పాదాలకు కలిగే ఆపదలను పోగొడుతుందనీ చెప్పి ఉన్నారు. తిమ్మిరి ఉన్నవారు ఈ మాటను పట్టుకోవాలి. ఇంటిలోపల కూడా చెప్పులు తొడగాలి.

నొప్పి తెలియకపోవడం ఎంత నష్టమో లోకానికి చూపినవారిలో ముఖ్యులు మన పొరుగునే పనిచేశారు. తమిళనాడులోని కొల్లిమలలో 1914లో పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి కుష్ఠు రోగుల చేతులకు, కాళ్ళకు శస్త్రచికిత్సలు చేశారు. వేళ్ళు ఊడిపోవడానికి కారణం మాంసాన్ని వ్యాధి తినివేయడం కాదనీ, నొప్పి తెలియక రోగి తనకు తెలియకుండానే తనను గాయపరచుకొనడమనీ ఆయన నిరూపించారు. 1966లో అమెరికాకు వెళ్ళిన తరువాత మధుమేహుల పాదాలలోనూ అదే కథ జరుగుతున్నట్లు గుర్తించి, కుష్ఠు పాదాల కోసం నేర్చినదంతా వీరికి ఉపయోగించారు. ఈనాడు మధుమేహ వైద్యశాలలలో ఇచ్చే మెత్తని ఎం.సి.ఆర్. చెప్పులు కూడా కుష్ఠు రోగుల పాదాల కోసం పుట్టినవే.

ఇంట్లోనే చేయదగిన పరీక్ష

ఏ వ్యాయామమైనా మొదలుపెట్టక ముందు పాదాలలో స్పర్శ ఉన్నదో లేదో తెలుసుకోవాలి. వైద్యశాలలో 10 గ్రాముల ఒత్తిడితో వంగే సన్నని నైలాను పోగును పాదానికి తాకించి చూస్తారు. ఆ పోగు లేనిచోట, ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ ఆసుపత్రి వైద్యులు రూపొందించిన తేలిక పరీక్ష ఉన్నది. ఇంట్లోవారెవరైనా చేయవచ్చు.

రోగిని పడుకోబెట్టి, మేజోళ్ళు తీసి, కళ్ళు మూసుకోమనాలి. చూపుడువేలి కొనతో కాలివేలి చివర సుతారంగా, ఒకటి రెండు క్షణాలు మాత్రమే తాకాలి. నొక్కరాదు, గుచ్చరాదు, గీరరాదు. వరుస ఇది: కుడి బొటనవేలు, కుడి చిటికెనవేలు, ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెనవేలు, కుడి నడిమివేలు, ఎడమ నడిమివేలు. తాకినప్పుడు రోగి కుడి అనో ఎడమ అనో చెప్పాలి. చెప్పకపోతే మళ్ళీ తాకకూడదు. ఆరింటిలో రెండు లేదా అంతకంటె ఎక్కువ వేళ్ళలో తెలియకపోతే రక్షణనిచ్చే స్పర్శ తగ్గినట్లు భావించి వైద్యునికి చూపాలి. మా వదినగారికి ఆనాడు నాలుగు వేళ్ళలో తెలియలేదు.

తిమ్మిరి అంతా చక్కెర వల్లనే అనుకోకూడదు. చాలా ఏళ్ళుగా మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడేవారిలో కొందరికి బి12 విటమిను తగ్గి ఇదే విధమైన తిమ్మిరి వస్తుంది. రక్తపరీక్షతో తెలుస్తుంది, సరిచేయదగినది. మద్యపానం మరొక కారణం. మన ప్రాంతానికి ప్రత్యేకమైనది ఇంకొకటి ఉన్నది. ఫ్లోరైడు నీరు ఏళ్ళ తరబడి త్రాగినవారిలో వెన్నెముక, కీళ్ళు బిగుసుకొని, ఎముక పెరిగి నరాలను నొక్కుతుంది. నడుము వంగక, కాళ్ళు కర్రల వలె బిగుసుకొని, బలం తగ్గుతూ తిమ్మిరి పైకి ప్రాకుతుంటే అది పాదవ్యాయామంతో పోయేది కాదు. ముందు వెన్నెముకను పరీక్ష చేయించుకోవాలి. అట్టి వారు తెర మీది పాఠం చూసి మెడ, నడుము బలవంతంగా వంచరాదు.

తెర మీది పాఠాల సంగతి

ఈ పాఠాలు ఏవో కాలక్షేపానికి పుట్టినవి కావు. బ్రెజిల్ దేశంలోని సావో పావ్లో విశ్వవిద్యాలయంలో ఆచార్య ఇసబెల్ సక్కో బృందంవారు సోపెడ్ అనే పేరుతో మధుమేహుల పాదాల కోసం ఉచిత ఆన్‌లైన్ పద్ధతిని తయారు చేశారు. అందులో రోగి ప్రతి వ్యాయామం తరువాత తనకు ఎంత కష్టమైనదో గుర్తిస్తాడు. ఆ కష్టాన్ని బట్టి తరువాతి మెట్టుకు పోవడమో, అక్కడే ఉండడమో, వెనుకకు తగ్గడమో జరుగుతుంది. 2022లో వీరు ప్రకటించిన ఒక పరిశోధనలో నరాల దెబ్బ ఉన్న 78 మంది పాల్గొన్నారు. కొందరికి 12 వారాలు వ్యాయామం నేర్పారు. వారంలో కొన్ని రోజులు ఫిజియోథెరపిస్టు ఎదుట, మిగిలిన రోజులు ఇంటివద్ద ఆన్‌లైన్‌లో చేశారు. 12 వారాల చివర వారి వేగపు నడక, చీలమండ కదలిక, కంపనాన్ని గ్రహించే శక్తి, వ్యాయామం చేయని వారికంటె మెరుగుపడ్డాయి.

గమనించండి, అక్కడ కూడా ఒక మనిషి ఎదుట ఉండి చూశాడు. మధుమేహ పాదాలపై అంతర్జాతీయ నిపుణుల బృందం 2023లో సవరించిన సూచనలలోనూ ఇదే ఉన్నది: పుండు పడే ప్రమాదం కొద్దిగానో మధ్యస్థంగానో ఉన్నవారికి 8 నుండి 12 వారాల పాద, చీలమండ వ్యాయామాలు సూచించవచ్చు, వీలైనంతవరకు నేర్చినవారి పర్యవేక్షణలో ఉండాలి. పుండు ఉన్నవారికి, పుండు పడబోతున్న గుర్తులున్నవారికి కాదు. మన ఊళ్ళలో వారం వారం ఫిజియోథెరపిస్టు దొరకడం అందరికీ సాధ్యం కాదు. కనీసం మొదటిసారి ఒకరికి చూపి, తరువాత ఫోను చూస్తూ ఇంట్లో చేసి, నెలకొకసారి మళ్ళీ చూపుకొనడం మార్కాపురంలోనైనా గిద్దలూరులోనైనా చేయదగినదే.

నరాలు దెబ్బతిన్నవారు నడిస్తే పుండ్లు పడతాయని పూర్వం వైద్యులు నడకనే మాన్పించేవారు. 2008లో అమెరికాలో 79 మందిపై జరిపిన పరీక్షలో, తగిన పాదరక్షలతో, పాదాలను చూసుకొంటూ క్రమంగా నడక పెంచినవారికి పుండ్లు పెరగలేదని తేలింది. ఇప్పుడు రోజుకు అదనంగా 1000 అడుగులు వేయవచ్చునంటున్నారు. ఒక్కసారిగా పదివేలు కాదు. పండుగనాడో మొక్కు ఉన్నదనో ఉన్నట్టుండి దోర్నాల నుండి శ్రీశైలం ఘాటు దారి పట్టిన పాదాలను నేను చూశాను. ఆ బొబ్బలు మానడానికి నెలలు పట్టింది.

చేసే విధానం

పాఠం ఏదైనా సారం ఒకటే. వెనుక ఆనుడు ఉన్న, కదలని కుర్చీలో కూర్చోవాలి. పాదాల క్రింద నేల చల్లగా, శుభ్రంగా ఉండాలి. పలుచని దుప్పటి పరచుకొంటే మంచిది.

మొదట చీలమండ. మడమ నేలపై ఉంచి పాదాన్ని మోకాలివైపు లాగి, నెమ్మదిగా వదలాలి. తరువాత ఒక కాలు కొద్దిగా ఎత్తి, బొటనవేలితో గాలిలో అక్షరాలు దిద్దాలి. మార్కాపురం పలకల మీద అక్షరాలు నేర్చిన మనకు దీనికి వేరే పాఠం అక్కరలేదు. అ నుండి ఔ వరకు వ్రాసేసరికి చీలమండ అన్ని దిక్కులకూ తిరుగుతుంది.

తరువాత వేళ్ళు. విసనకర్ర వలె విప్పాలి, ముడవాలి. చాలామందికి మొదట వేళ్ళు విడవు. వారాల తరబడి ప్రయత్నిస్తేనే కొద్దిగా కదులుతాయి. పిదప నేలపై పరచిన తువ్వాలును వేళ్ళతో ముడుచుకొంటూ దగ్గరకు లాగాలి. కొన్ని పాఠాలలో గోలీలను వేళ్ళతో ఎత్తమంటారు. మన ఇళ్ళలో చింతగింజలతో చేయిస్తున్నారు. స్పర్శ లేని వేళ్ళ సందున గింజ ఇరుక్కొని ఉండిపోతే తెలియదు. దూది ఉండలో, మెత్తని గుడ్డ ముక్కలో చాలు.

ఆ తరువాత నిలబడి చేసేవి. వంటింటి గట్టునో గోడనో రెండు చేతులతో పట్టుకొని మడమలు ఎత్తి దించడం. కుర్చీలో నుండి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం. గోడ ప్రక్కగా ఒక పాదం ముందు మరొక పాదం పెట్టి పది అడుగులు నడవడం. వీటికి చెప్పులో బూట్లో తొడిగి ఉండాలి, తూలితే పట్టుకొనడానికి ఒకరు దగ్గర ఉండాలి. పాదాలలో స్పర్శ తగ్గినవారికి కళ్ళు మూస్తే తమ కాలు ఎక్కడ ఉన్నదో సరిగా తెలియదు. కనుక కళ్ళు మూసుకొని నిలబడమనే పాఠాలను వృద్ధులు ఒంటరిగా చేయరాదు.

ఒక్కొక్కటి అయిదుసార్లతో మొదలుపెట్టి, రెండు మూడు వారాలలో పదికి పెంచవచ్చు. వారానికి మూడు నాలుగు రోజులు చాలు. ఇన్సులిన్ గాని, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గాని వాడేవారు పరగడుపున చేయరాదు. కంటిపొరలో రక్తస్రావం ఉన్నవారు, గుండె జబ్బు ఉన్నవారు తమ వైద్యుని అడిగి మొదలుపెట్టాలి.

ప్రతిసారీ మొదలుపెట్టే ముందు, ముగిసిన తరువాత పాదాలను చూడాలి. అరికాలు కనిపించకపోతే నేలపై అద్దం పెట్టుకోవచ్చు. చూపు మందగించినవారికి ఇంట్లోవారే చూడాలి. వేళ్ళ సందులు, మడమ పగుళ్ళు, ఆనెకాయల రంగు చూడాలి. ఆనెకాయ లోపల ఎర్రగానో నల్లగానో కనిపిస్తే అది పుండుకు ముందు గుర్తు. వ్యాయామం తరువాత వచ్చిన ఎరుపు 20 నిమిషాలకు పోకపోతే ఆ వ్యాయామం ఆపివేయాలి. ఒక పాదం రెండవ పాదంకంటె వేడిగా, వాచి, ఎర్రగా ఉన్నదా, అయినా పెద్దగా నొప్పి లేదా, అప్పుడు అడుగు వేయడమే ప్రమాదం. లోపల ఎముకలు విరిగి పాదం ఆకారమే మారిపోయే స్థితి అది. బెణుకు అనుకొని పట్టు వేసి నడిపించిన వారిని నేనెరుగుదును. ఆ రోజే వైద్యశాలకు తీసుకొని వెళ్ళాలి.

గృహవైద్యంలో విడువవలసినవి, ఉంచుకోవలసినవి

నా తప్పొకటి చెప్పుకొంటాను. వైద్యం ప్రారంభించిన తొలి ఏళ్ళలో, కాళ్ళ తిమ్మిరి అని వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయునికి వేయించిన ఉప్పు మూటతో కాపడం పెట్టమన్నాను. వాతం తగ్గుతుందన్నది నా ఉద్దేశం. స్పర్శ చూడలేదు. వేడి తెలియని ఆయన, తెలిసేవరకు పెట్టుకొన్నారు. ఆ బొబ్బ పుండై రెండు వేళ్ళు తీయవలసి వచ్చింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అప్పటినుండి తిమ్మిరి పాదాలకు కాపడం, వేడినీళ్ళ తొట్టె, వేడి ఇటుక, విద్యుత్ వేడిసంచీ, ఏదీ నేను చెప్పను. స్నానపు నీటి వేడిని కూడా మోచేతితోనో, మరొకరి చేతితోనో చూడాలి.

మన బీళ్ళలో జిల్లేడుకు కరవు లేదు. ముల్లు దిగితే, ఆనెకాయ లేస్తే జిల్లేడు పాలు పోయడం మన పల్లెలలో తరతరాల అలవాటు. ఆ పాలు చర్మాన్ని కాలుస్తాయి. నొప్పి తెలిసేవారికి మంట పుట్టగానే కడిగేస్తారు. తెలియనివారికి లోపలికి కాలుతూనే ఉంటుంది. అంగళ్ళలో అమ్మే ఆనెకాయ పట్టీలలో కూడా చర్మాన్ని కరిగించే ఆమ్లం ఉంటుంది. బ్లేడుతో కోసుకొనడం సంగతి చెప్పనక్కరలేదు. ఆనెకాయను వైద్యుని చేతనే చెక్కించాలి. ఇక కాకరకాయల ముద్దను అరగంట కాళ్ళతో త్రొక్కితే చక్కెర దిగుతుందన్న ప్రచారం: అరికాలి గుండా చక్కెర దిగదు. చేదు రసంలో నానిన పగుళ్ళలో మాత్రం పుండు పడవచ్చు. కాకరకాయ కూరగా మంచిదే.

ఉంచుకోదగినది పాదాభ్యంగం. పాదాలకు నూనె మర్దన చేస్తే గరుకుదనం, బిగుసుకొనడం, అలసట, సుప్తత తగ్గుతాయని చరకుల వారు పాదరక్షలను మెచ్చుకొన్న అధ్యాయంలోనే చెప్పారు. చెమట లేక ఎండిన చర్మానికి నూనె మెత్తదనాన్నిస్తుంది, పగుళ్ళను నివారిస్తుంది. అన్నిటికంటె, రోజూ ఒకరు పాదాన్ని చేతిలోకి తీసుకొని చూస్తారు. నువ్వుల నూనె చాలు. మంటలున్నవారికి వైద్యుని సలహాతో పిండ తైలం వాడవచ్చు. నూనె కాచనవసరం లేదు. వేళ్ళ సందులలో రాయకూడదు. అక్కడ తడి నిలిస్తే పాచి పడుతుంది. పుండుపై, పగులుపై రాయరాదు. మర్దన తరువాత అరికాళ్ళు తుడిచి చెప్పులు తొడగాలి, లేకపోతే గచ్చు మీద జారుతారు. నూనె వల్ల చక్కెర తగ్గుతుందని మందులు మానరాదు. నరాల దెబ్బ ముదరకుండా ఉంచేది చక్కెర అదుపు మాత్రమే.

గుడికి పోయేటప్పుడు ఏమి చేయాలని అడుగుతారు. మే నెల మధ్యాహ్నం మార్కాపురం చెన్నకేశవస్వామి ఆలయంలోనైనా, త్రిపురాంతకంలోనైనా రాతిబండ మీద వట్టి కాలు పెడితే మనకు గంతు వేయాలనిపిస్తుంది. స్పర్శ లేనివారు నెమ్మదిగా ప్రదక్షిణం చేస్తారు. తెల్లవారుజామున, లేదా ప్రొద్దు గ్రుంకిన తరువాత వెళ్ళాలి. మందపాటి నూలు మేజోళ్ళు తొడగాలి. దేవుడు తప్పు పట్టడు. చెప్పులు తొడిగే ముందు తలక్రిందులు చేసి దులపడం, లోపల వ్రేలితో తడిమి చూడడం కూడా అలవాటు కావాలి. సర్కారు తుమ్మ ముల్లు పలుచని రబ్బరు చెప్పును అవలీలగా దాటుతుంది. పలక గనుల దగ్గర పారవేసిన ముక్కల అంచు కత్తి వంటిది. మడమ వెనుక పట్టీ ఉండి, అడుగు మందంగా, లోపల మెత్తగా ఉన్న చెప్పులే వాడాలి.

మా వదినగారి ముల్లును శస్త్రవైద్యుడు తీశాడు. ఎముకకు చీము చేరలేదు. ఆ పాదం మీద భారం పడకుండా ఆరు వారాలు ఉంచి, పుండు పూర్తిగా మానిన తరువాత మరొక నెల ఆగి, వ్యాయామం మళ్ళీ మొదటి పాఠం నుండి మొదలుపెట్టించాము. ఈసారి పద్ధతి మార్చాము. నాలుగవ తరగతి చదువుతున్న మనుమడు ముందు ఆమె రెండు పాదాలు, వేళ్ళ సందులతో సహా, టార్చి వేసి చూస్తాడు. వాడు సరే అన్న తరువాతే ఫోను తెరుస్తారు. 12 వారాలు పూర్తయ్యేసరికి చీలమండ బాగా వంగుతున్నది. మేడ మెట్లు గోడ పట్టుకోకుండా దిగుతున్నారు.

నెలకొకసారి వాడే వేళ్ళు తాకి పరీక్ష కూడా చేస్తాడు. మొన్న నేను ఉండగానే చేశాడు. ఆమె కళ్ళు మూసుకొని కుడి, కుడి అన్నారు. ఎడమ బొటనవేలు తాకాడు. కాసేపు చూసి, నా వైపు తిరిగి తల అడ్డంగా ఊపి, చిటికెనవేలి దగ్గరకు పోయాడు.